అందరికీ ఒకే రికార్డు గది

(ఓడలరేవులో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు కరువు భత్యం బకాయిల గురించో, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించో అయి ఉంటుందనుకున్నాను. ఆ సంగతులు నాకన్నా బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు కాగితాల మధ్య బ్రతికినవాణ్ణి. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. కనుక నాకు తెలిసిన కాగితం గురించే మాట్లాడతానన్నాను. వారు దయతో ఒప్పుకున్నారు.

అయితే ఈ రోజు చెప్పబోయేది మన ఆఫీసు కాగితం గురించి కాదు. దేశదేశాల శాస్త్రజ్ఞులు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే, కలిసి ఒక పరిశోధన చేస్తారు. వారు తమ కాగితాలను ఎక్కడ దాచుకుంటారు, ఎలా వెతుక్కుంటారు, ఏది చివరి ప్రతి అని ఎలా తేల్చుకుంటారు? ఇది తెలుసుకుంటే మన ఇళ్ళలోని ట్రంకుపెట్టెలకు కూడా ఉపయోగం ఉంటుందని నా నమ్మకం.

మనకు తెలిసిన పద్ధతి

మనలో రెవెన్యూ శాఖలో చేసినవారికి టాటెన్‌హామ్ పద్ధతి గురించి చెప్పనక్కరలేదు. మద్రాసు రాష్ట్ర కాలం నుంచి వచ్చిన పద్ధతి అది. తపాలు విప్పగానే కాగితాన్ని రిజిస్టరులో చేర్చాలి. దానికి ఒక నంబరు, పక్కన సంవత్సరం, ఆపైన ఏ సీటుకు వెళ్ళిందో ఆ అక్షరం వెయ్యాలి. గుమాస్తా తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకోవాలి. పని ముగిశాక ఎంతకాలం ఉంచాలో తేల్చి రికార్డు గదికి పంపాలి. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్ళు, ఎల్.డిస్. అయితే కొద్దికాలం.

అప్పట్లో ఇదంతా చాకిరీ అనిపించేది. కానీ ఆ పద్ధతిలో ఒక పెద్ద ఆలోచన ఉంది. కాగితం రాసినవాడి కోసం రికార్డు గది పెట్టలేదు. రాసినవాడు బదిలీ అయిపోతాడు, రిటైరవుతాడు, ఒకనాటికి పోతాడు. ఆ తరువాత ఆ సీటులోకి వచ్చి, మన ముఖం ఎరుగని మనిషి నంబరు చెబితే కాగితం చేతికి రావాలి. అందుకే ఆ నంబరు.

శాస్త్రజ్ఞులకు వచ్చిన చిక్కు

స్విట్జర్లాండులో జెనీవా నగరం దగ్గర సెర్న్ అనే పెద్ద పరిశోధనాలయం ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి వేలాదిమంది అక్కడికి వచ్చి పోతూ ఉంటారు. 1989 మార్చిలో అక్కడ పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ తన పై అధికారులకు ఒక ప్రతిపాదన రాశాడు. ఆయన మొర ఏమిటంటే, ఇక్కడ మనుషులు సాధారణంగా రెండేళ్ళు ఉండి వెళ్ళిపోతున్నారు, వారితో పాటు సమాచారం కూడా పోతోంది, కొత్తవాడికి ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు అని. ఏ కంప్యూటరులో ఉన్న కాగితాన్నయినా ఇంకో కంప్యూటరు నుంచి చూడగలిగేలా కాగితాలను ఒకదానితో ఒకటి కలుపుదామని ఆయన సూచించాడు. మన పిల్లలు రాత్రింబవళ్ళు చూసే వెబ్ పుట్టింది ఆ ప్రతిపాదన నుంచే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని రుసుము లేకుండా లోకానికంతటికీ ఇచ్చేసింది.

సినిమా టిక్కెట్లకూ, బ్యాంకు పనులకూ వాడుతున్న ఈ వెబ్‌కు మూలం సిబ్బంది మారిపోతుంటే కాగితాలు దొరకడం లేదన్న బాధ! రికార్డు సెక్షనులో పనిచేసినవారు ఎవరైనా ఆ బాధను వెంటనే అర్థం చేసుకుంటారు.

హైదరాబాదు నుంచి షికాగో దాకా

మా మనవరాలు హైదరాబాదులో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. అమెరికాలో షికాగో దగ్గర ఫెర్మీల్యాబ్ అనే సంస్థ ఉంది. అక్కడ నోవా అనే ప్రయోగం నడుస్తోంది. న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను అక్కడ పుట్టించి, భూమి లోపలి నుంచే 810 కిలోమీటర్ల దూరం పంపిస్తారు. కెనడా సరిహద్దు దగ్గర యాష్ రివర్ అనేచోట 14,000 టన్నుల పరికరం పెట్టి వాటిని పట్టుకుంటారు. దారిలో ఆ కణాలు ఒక రకం నుంచి ఇంకో రకానికి ఎలా మారుతున్నాయో లెక్కకడతారు. రెండు వందలమందికి పైగా శాస్త్రజ్ఞులు అందులో భాగస్వాములు. మన హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఐ.ఐ.టి. హైదరాబాదు కూడా అందులో ఉన్నాయి.

నాకు వెంటనే ఒక సందేహం వచ్చింది. "అమ్మా, షికాగోకీ మనకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. వాళ్ళు ఆఫీసుకు వెళ్ళేసరికి మీరు అన్నాలు తిని పడుకునే వేళ. మరి పని ఎలా నడుస్తుంది?" అన్నాను.

"కాగితం మీద నడుస్తుంది తాతయ్యా" అంది. సంస్థవారు అందరికీ తెరిచి ఉంచిన పేజీలు కొన్ని చూపించింది. మిగతావి సభ్యులకే కనుక అవి ఎలా ఉంటాయో నోటితో చెప్పింది. ఆ ఏర్పాటు పేరు డాక్ డీబీ. అంటే డాక్యుమెంట్ల డేటాబేసు. మన భాషలో చెప్పాలంటే అందరికీ ఉమ్మడి రికార్డు గది.

అది పనిచేసే తీరు చెబుతాను. మీకు కొత్తగా అనిపించదు.

బృందంలో ఎవరు ఏ కాగితం తయారుచేసినా, అది సమావేశంలో చూపించే బొమ్మలు కావచ్చు, పరికరం కొలతలు కావచ్చు, ప్రచురించబోయే వ్యాసం చిత్తుప్రతి కావచ్చు, ముందు దాన్ని అక్కడ చేర్చాలి. చేర్చగానే యంత్రమే వరుస నంబరు ఇస్తుంది. కాగితం ఇంకా తయారు కాకపోతే నంబరు ముందుగా కేటాయించుకోవచ్చు కూడా. పేరు, రాసినవారు, సారాంశం, ఏ విషయానికి చెందినది, ఏ సమావేశంలో చదివినది అన్నీ నింపాలి. ఆ సమావేశం పేజీ తెరిస్తే ఆ రోజు ఎవరెవరు ఏం చెప్పారో వారి కాగితాలతో సహా వరుసగా కనిపిస్తుంది. రాత్రి మేలుకుని ఉండలేక నిద్రపోయిన హైదరాబాదు విద్యార్థి తెల్లవారి లేచి అన్నీ చదువుకోవచ్చు.

ఇక రెండో సంగతి. కాగితం దిద్దితే నంబరు మారదు. దానికి రెండో ప్రతి, మూడో ప్రతి అని వరుస పడుతుంది. నంబరు అడిగినవారికి చివరి ప్రతి వస్తుంది. కానీ మొదటి ప్రతి అక్కడే ఉంటుంది, కావలసినవారు తీసి చూసుకోవచ్చు. మామూలు సభ్యుడు పాత ప్రతిని తీసివేయలేడు, ఆ అధికారం నిర్వాహకులదే. నిరుడు ఎవరు ఏ అంకె వేశారు, ఈ ఏడు ఎందుకు మార్చారు అన్నది పదేళ్ళ తరువాత కూడా తెలుస్తుంది. మన నోటు ఫైలులో దిగువ గుమాస్తా రాసిన పేరాను పై అధికారి కొట్టివేసినా చదవడానికి వీలుగా ఒక్క గీతతోనే కొట్టాలనేవారు, గుర్తుందా? అదే ధర్మం.

మూడోది, చూసే హక్కు. ప్రతి కాగితానికీ ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు అని విడివిడిగా నిర్ణయిస్తారు. కొన్ని లోకమంతా చూడవచ్చు. కొన్ని బృందం వారికే. కొన్ని ఒక చిన్న కమిటీకే. అన్నిటికీ ఒకే తాళం వేస్తే పని సాగదు, అసలు తాళమే లేకపోతే పరువు దక్కదు.

దీనిలో కష్టాలు లేవని కాదు. నంబర్లు వేలకు వేలు అయ్యాక, శీర్షిక సరిగా పెట్టని కాగితం ఉన్నా లేనట్టే. "రిపోర్టు" అని పేరు పెట్టినవి వంద ఉంటే ఏది తెరవాలి? మన ఇళ్ళలో పిల్లల కంప్యూటర్లలో "ఫైనల్", "కొత్త ఫైనల్", "అసలైన ఫైనల్" అని ఉండడం నేను కళ్ళారా చూశాను. యంత్రం నంబరు ఇవ్వగలదు కానీ శ్రద్ధ ఇవ్వలేదు. అది మనిషే పెట్టాలి.

ఆగిపోయిన ప్రయోగం, ఆగని అలమారా

ఈ డాక్ డీబీ కథలో నా మనసుకు బాగా పట్టిన విషయం ఒకటుంది. దీన్ని మొదట నోవా కోసం తయారు చేయలేదు. ఫెర్మీల్యాబులోనే బీటెవ్ అనే మరో ప్రయోగం తలపెట్టారు. ఆ బృందంలోని ఎరిక్ వాండరింగ్, ఆయన సహచరులు తమ కాగితాల కోసం ఈ ఏర్పాటు రాసుకున్నారు. 2005లో అమెరికా ప్రభుత్వం డబ్బు నిలిపివేయడంతో బీటెవ్ కట్టకముందే ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళ శ్రమ అక్కడితో ముగిసింది. కానీ వారు కాగితాల కోసం చేసుకున్న అలమారా మాత్రం మిగిలింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఇచ్చారు. ఆ తరువాత వచ్చిన ప్రయోగాలు ఒకటి వెంట ఒకటి దాన్ని తీసుకున్నాయి.

పదవీ విరమణ చేసిన మనబోటివారికి ఇంతకన్నా ధైర్యం చెప్పే మాట ఏముంటుంది? మన హయాములో తలపెట్టిన పనులన్నీ పూర్తయి ఉండకపోవచ్చు. కొన్ని పథకాలు కాగితం మీదే ఆగిపోయి ఉండవచ్చు. కానీ మనం పెట్టిన క్రమం తరువాతివారికి పనికివస్తుంది.

మన సముద్రం అడుగున కూడా నంబరే

"ఇదంతా అమెరికా గొడవ, మన ఓడలరేవుకు ఏం సంబంధం?" అని ఎవరైనా అనుకుంటే, ఒక్కసారి సముద్రం వైపు చూడమంటాను. వైనతేయం సముద్రంలో కలిసే ఈ ఊళ్ళో ఓ.ఎన్.జి.సి. టెర్మినల్ మనందరికీ తెలుసు. సముద్రంలో తీసిన గ్యాసు గొట్టాల ద్వారా అక్కడికి వస్తుంది. ఆ గ్యాసుకు తోడు, మన సముద్రంలో మరో రకం నిధి ఉంది. మీథేన్ వాయువు నీటితో కలిసి మంచుగడ్డలా గట్టిపడి సముద్రం అడుగు మట్టిలో ఉంటుంది. దాన్ని గ్యాస్ హైడ్రేట్ అంటారు.

దాని కోసం 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన దేశ తీరాలకు వచ్చింది. భారత ప్రభుత్వపు జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం, అమెరికా భూగర్భ సర్వే సంస్థ, ఇంకా ఎన్నో సంస్థలు కలిసి చేసిన యాత్ర అది. 113 రోజులకు పైగా సాగింది. మొత్తం 21 స్థలాల్లో 39 రంధ్రాలు వేశారు. అందులో 15 స్థలాలు మన కృష్ణా గోదావరి బేసిన్‌లోనివే. దాదాపు 2,850 మీటర్ల పొడవున మట్టి దిమ్మెలు పైకి తీశారు. పదో నంబరు స్థలంలో సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ ఉన్న పొర బయటపడి ప్రపంచమంతా చెప్పుకుంది.

ఆ మట్టి దిమ్మెను ఎలా దాస్తారో వింటే మీకు ముచ్చటేస్తుంది. ఎన్.జి.హెచ్.పి.-01-10-డి అని ఉంటే, మొదటి యాత్ర, పదో స్థలం, అక్కడ డి అనే రంధ్రం అని అర్థం. ఆపైన ఎన్నో దిమ్మె, అందులో ఎన్నో ముక్క, ఆ ముక్కలో పైనుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర అని వస్తుంది. బొటనవేలంత మట్టి ఎక్కడున్నా, అది సముద్రగర్భంలో ఎక్కడిదో ఆ అంకెలే చెబుతాయి. ఇలాంటి యాత్రల్లో దిమ్మెను నిలువునా రెండుగా కోయడం ఆనవాయితీ. ఒక సగం పరీక్షలకు, ముక్కలు కోసి పంచడానికి. రెండో సగం ముట్టుకోకుండా భద్రపరచడానికి. అసలు ప్రతి గది దాటరాదు, నకలు మాత్రమే వెళ్ళాలి అని మనకు చెప్పిన నియమం ఇదే కదా!

ఆ యాత్ర తొలి నివేదికలను 2008లో మన హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్ డీవీడీ రూపంలో వెలువరించింది. 2014లో కూడా వాటి మీద కొత్త వ్యాసాల సంపుటి వచ్చింది. 2015లో చిక్యూ అనే జపాను ఓడ రెండో యాత్రకు వచ్చినప్పుడు ఎక్కడ తవ్వాలో నిర్ణయించుకోవడానికి మొదటి యాత్ర కాగితాలు కూడా ఆధారమయ్యాయి. ఆ నంబర్లు తారుమారై ఉంటే సముద్రం మీద కోట్ల రూపాయలు గాలికి పోయేవి.

మా అక్కయ్య కథ

ఇక మన ఇళ్ళకు వద్దాం. మా బావగారు నాలాగే ఉద్యోగి. అయిదేళ్ళ క్రితం కాలం చేశారు. మా అక్కయ్యకు కుటుంబ పింఛను రావాలి. పింఛను కాగితాల్లో ఆమె పేరులో ఒక అక్షరం తేడా, పుట్టిన సంవత్సరంలో రెండేళ్ళ తేడా ఉన్నాయి. బావగారు బ్రతికి ఉండగానే అర్జీ పెట్టి సవరణ ఉత్తర్వు తెచ్చుకున్నారు. కానీ అసలు కాగితాలు 1996 నవంబరు 6 రాత్రి తుపానులో తడిసి ముద్దయిపోయిన పెట్టెలో ఉండేవి. ఇంట్లో మిగిలినవి మూడు నకళ్ళు. ఒకదానిలో సవరణ లేదు. ఒకదానిలో ఉంది కానీ తేదీ చెరిగింది. ఇంకొకదానిలో ఎవరో చేత్తో దిద్దారు. ఏది చివరిదో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ కార్యాలయం పేరు చెప్పను. అక్కడివారు చెడ్డవారు కారు, కానీ వెళ్ళినప్పుడల్లా వేరే మనిషి, వెళ్ళినప్పుడల్లా మొదటి నుంచి కథ చెప్పాలి. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి ఇక్కడి నుంచి బస్సెక్కి అమలాపురం, అక్కడి నుంచి మరో బస్సు. పదకొండు నెలలు తిరిగింది. "తమ్ముడూ, మీ బావగారు పోయారని రుజువు ఉంది. నేను నేనేనని రుజువు లేదురా" అంది ఒకరోజు. ఆ మాటకు నాకు నోట మాట రాలేదు.

చివరికి పని ఎలా అయిందో తెలుసా? బావగారితో కలిసి పనిచేసిన ఒక పెద్దాయన తన పాత డైరీలో ఆ సవరణ ఉత్తర్వు ఆర్.సి. నంబరు, తేదీ రాసి పెట్టుకున్నారు. ఆ నంబరు చెప్పగానే రికార్డు గదిలో కట్ట దొరికింది. మూడు వారాల్లో పింఛను మంజూరైంది. సిఫారసు చేయలేనిది ఒక నంబరు చేసింది.

మనం చేయగలిగింది

కనుక మన సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. శాస్త్రజ్ఞుల పద్ధతినే మన స్థాయికి తెచ్చుకుందాం. కంప్యూటరు వచ్చినవారు కంప్యూటరులో చేయవచ్చు. మొదట ఒక గట్టి అట్ట రిజిస్టరు చాలు.

ఒకటి, ప్రతి సభ్యుని ముఖ్యమైన కాగితానికీ సంఘం ఒక వరుస నంబరు, సంవత్సరం ఇవ్వాలి. ఆ సభ్యుడు పోయినా ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు.

రెండు, కాగితం పేరు పూర్తిగా రాయాలి. "పింఛను కాగితం" అని కాక, ఎవరిది, ఏ ఉత్తర్వు, ఏ తేదీ, దేనిని సవరించింది అన్నది ఉండాలి. ఇచ్చిన కార్యాలయం వేసిన నంబరు తప్పక ఎక్కించాలి.

మూడు, కొత్త ఉత్తర్వు వస్తే పాతదాన్ని చింపవద్దు. దాని మీద "సవరించబడినది" అని రాసి వెనుక పెట్టండి.

నాలుగు, ఎవరు చూడవచ్చో సభ్యుడే రాసి ఇవ్వాలి. భార్య లేక భర్త, పిల్లల్లో ఒకరు, అంతే. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు సంఘం రిజిస్టరులో ఎక్కించవద్దు. ఆ కాగితాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం అసలే వద్దు. అది నడివీధిలో అలమారా తెరిచి పెట్టడమే.

అయిదు, ఒక నకలు ఇక్కడ, ఒక నకలు సముద్రానికి దూరంగా. మన పిల్లలు హైదరాబాదులో ఉన్నారు, కువైటులో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. తుపాను మన ఊరికి వచ్చిన రోజున వారి ఊళ్ళో ఎండ కాస్తూ ఉంటుంది.

ఇంకొక్క మాట. పింఛను కాగితాలతో ఆగవద్దు. ఈ సభలో లాకుల దగ్గర పనిచేసినవారు ఉన్నారు. తుపాను సహాయంలో నెలల తరబడి ఇంటి ముఖం చూడనివారు ఉన్నారు. ఏ కాలువ గట్టు ఎక్కడ బలహీనమో, ఏ ఏట నీరు ఎంతదాకా వచ్చిందో మీ తలల్లో ఉంది. రెండు పేజీలు రాయండి. పేరు, తేదీ వేయండి. సంఘం నంబరు ఇస్తుంది. ఎవరైనా దానిని సరిదిద్దదలిస్తే రెండో ప్రతిగా చేరుద్దాం, మొదటిది అలాగే ఉంటుంది. నూరేళ్ళ తరువాత ఈ రేవులో ఏదైనా కట్టబోయే ఇంజనీరు మన ముఖాలు ఎరగడు. మన నంబరు ఎరిగితే చాలు.

రిజిస్టరు, గమ్ముసీసా, మొదటి కట్టకు దారం నేను తెచ్చాను. భోజనాల తరువాత ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. మా అక్కయ్య అనుమతితో ఒకటో నంబరు ఆమె ఉత్తర్వుకు వేశాను. రెండో నంబరు ఖాళీగా ఉంది.